జెస్సికా తమ్ముడు ఏ బాయిలో చేస్తాడు?

మొదటి దాడి మంగళవారం పొద్దున జరిగింది, రాజకుమారి ఉప్మాకు ఎసరు పోసిన క్షణంలో.

అది దాడి అని అప్పటికి ఆమెకు తెలియదు. ఫోను టింగుమంది. చెయ్యి కొంగుకు తుడుచుకుని చూస్తే, తన బ్లాగు 'పాత బాయి ముచ్చట్లు'కు కామెంటు వచ్చింది. ఒకటి కాదు, మూడు! రెండేళ్లుగా వారం వారం రాస్తున్నా ఆ బ్లాగు కింద ఇంతవరకూ ఎవరూ ఒక్క అక్షరం రాసిన పాపాన పోలేదు.

"ఇగో, ఇట్ల రా జర! జల్ది!"

మొగుడు యేసుదానం సగం గీసిన గడ్డంతో, సగం నురగతో పరుగెత్తుకొచ్చాడు. గ్యాసు లీకయిందేమోనని ఆయన భయం.

"ఏందే? ఏమైంది?"

"కామెంటు! మూడు ఒక్కామెవే. విను. 'నమస్కారం. మీ వ్యాసం చాలా అద్భుతమైన సమాచారం కలిగి ఉంది. నేను దీనిని నా సోదరునితో తప్పక పంచుకుంటాను. జెస్సికా.'"

"ఎవలామె?"

"మనోళ్లే అయి ఉంటరు. పేరు జూస్తే తెలుస్తలేదా? ఏ చర్చో కనుక్కోవాలె." రాజకుమారి కళ్లజోడు సవరించుకుని జవాబు రాయడానికి కూర్చుంది. 'ధన్యవాదాలు జెస్సికా గారూ. దేవుడు మిమ్మల్ని దీవించుగాక. మీ తమ్ముడు ఏ బాయిలో చేస్తాడు?'

ఉప్మా మాడిపోయింది. ఆ పూట ఇద్దరూ దాన్నే తిన్నారు. ఆమె మాత్రం మధ్యమధ్యలో ఫోను చూసుకుని నవ్వుకుంది.

ముప్ఫయ్యేళ్లకు పైగా రాజకుమారి బొగ్గు బాయి మీద మస్టర్ క్లర్కు. షిఫ్టుకు వచ్చిన ప్రతి కార్మికుడూ ముందు ఆమె కిటికీ దగ్గరికి రావాలి. నంబరు చెప్పాలి. హాజరు పడాలి. తర్వాతే తలకు లైటు, ఆ తర్వాతే బాయి దిగడం. వెనక పొడుగాటి లైను ఉండగా ఎవరైనా కిటికీ పట్టుకుని కొడుకు పెళ్లి సంగతో, బర్రె ఈనిన సంగతో మొదలుపెడితే ఆమె గొంతు ఖంగున లేచేది. "పేరొద్దు. నంబరు చెప్పు. ముచ్చట బయట!" ఆ కేకకు కొత్తగా చేరినవాళ్లు అదిరిపడేవాళ్లు. పాతవాళ్లు నవ్వుకుంటూ నంబరు చెప్పేవాళ్లు.

ఇప్పుడా బాయి లేదు. లోపల బొగ్గు అయిపోయి మూసేశారు. కిటికీ ఉన్నచోట పైనుంచి తవ్విపోసే ఓపెన్‌కాస్టు మట్టి గుట్టంత పేరుకుంది. మనుషులు తలో దిక్కు పోయారు. రిటైరై గోదావరిఖనిలో ఇల్లు కట్టుకున్నాక రాజకుమారికి ఒక సంగతి తోచింది. ఆనాడు కిటికీ ముందు చెప్పనివ్వని ముచ్చట్లన్నీ తన దగ్గర ఎట్లాగో పోగుపడే ఉన్నాయి. కరీంనగర్ బ్యాంకులో పనిచేసే కూతురు క్రిస్టినా బ్లాగు పెట్టిచ్చింది. అప్పటినుంచి రాస్తూనే ఉంది.

చదివేవాళ్ల సంగతే తేలలేదు. ఏ పోస్టు చూసినా తెరిచింది ముగ్గురే అని చూపిస్తుంది బ్లాగు. ఒకరు తను. ఒకరు క్రిస్టినా. మూడో మనిషెవరు?

"నువ్వే గదా?" అని మొగుణ్ణి ఎన్నోసార్లు నిలదీసింది.

"నాకెందుకే చదువుడు? నువ్వు రాసేటప్పుడే గట్టిగ చదువుతవ్. చెవులు మూసుకున్నా వినబడతది" అనేవాడు యేసుదానం.

అందుకే జెస్సికా ఆమెకు ఎడారిలో చలివేంద్రంలా దొరికింది. ఆదివారం చర్చి అయిపోగానే పాస్టరు గారిని ఆపి అడిగింది, మన సంఘాల్లో జెస్సికా అనే అమ్మాయి ఎవరని. ఆయన చాలాసేపు ఆలోచించి మంచిర్యాలలో ఒక జెస్సికా ఉంది గానీ ఇంకా ఉయ్యాలలోనే ఉందన్నాడు.

రెండో దాడి ఆ సాయంత్రమే. ఈసారి అసలు రంగు బయటపడింది.

లైటు రూము రాజం పోయిన ఏడు ఒంట్లో బాగాలేక చనిపోయాడు. బాయి దిగే ప్రతివాడికీ చార్జింగు పెట్టిన లైటు చేతికిచ్చి, "పైలంగ పోయిరా బిడ్డా" అని పంపిన మనిషి. అతని మీద రాజకుమారి ఒక పోస్టు రాసింది. రాస్తూ ఏడ్చింది కూడా. ఇప్పుడా పోస్టు కింద జెస్సికా నవ్వు ముఖం బొమ్మ పెట్టి రాసింది: 'చాలా సంతోషకరమైన వార్త! ఇలాంటివి మరిన్ని ఆశిస్తున్నాను. మంచి బూట్ల కోసం ఇక్కడ నొక్కండి.'

రాజకుమారికి ఒళ్లు మండిపోయింది.

"ఇది గిట్ల సారవ్వ చూస్తే? మొగుడు సచ్చిపోయిన ముచ్చట కింద మరిన్ని కావాల్నట!" వెంటనే కూతురికి ఫోను కొట్టింది. "క్రిస్టినా, గీ జెస్సికా ఇల్లెక్కడో కనుక్కో. నేనే పోయి అడుగుత."

అటువైపు క్రిస్టినా నవ్వు ఆపుకోలేకపోయింది. "అమ్మా, ఆమెకు ఇల్లు లేదు. ఆమె మనిషే కాదు. మెషిను."

"మెషిననంగ?"

"కంప్యూటర్ల ఒక ప్రోగ్రాము. దేశంల ఉన్న బ్లాగులన్నీ తిరుక్కుంట, ఏం రాసిండ్రో చదవకుండనే కామెంటు పెట్టిపోతది. బూట్లు అమ్మనీకె. స్పామ్ అంటరు. నువ్వు జవాబులు గిట్ల ఇయ్యలేదు గదా?"

రాజకుమారి గొంతు సవరించుకుంది. "ఒకటో రెండో."

"ఏమని?"

"దేవుడు దీవించుగాక అని."

"అమ్మా! జవాబిచ్చినవంటే ఈడ మనుషులున్నరు అని ఎరుకైతది దానికి. ఇగ చుట్టాలందరినీ తోలుకొస్తది."

చుట్టాలు వచ్చారు. తెల్లారేసరికి కామెంట్ల వరద. పొట్ట తగ్గించే పొడి. నిమిషాల్లో లోను. జుట్టు మొలిపించే నూనె. మళ్లీ బూట్లు. రాజకుమారి ఒక్కొక్కదాన్నీ తుడిచేస్తుంటే వెనక నుంచి రెండేసి పుట్టుకొస్తున్నాయి. కూరగాయల బండివాడు వచ్చి పోయాడు. పాలు పొంగిపోయాయి. ఆమె వేలు మాత్రం ఆగలేదు.

యేసుదానం గుమ్మంలో నిలబడి తమాషా చూస్తున్నాడు. ఈయన కూడా అదే బాయిలో హాలర్ ఆపరేటరు. బొగ్గు టబ్బుల్ని తాడుతో పైకి లాగే ఇంజను నడిపేవాడు. మాట కూడా అట్లాగే, తాడు తెగినట్టు వచ్చేస్తుంది.

"గయితే మొత్తానికి నీ రాతలు చదివేటోళ్లు మెషిన్లేనన్నమాట" అన్నాడు.

అన్నాక నాలిక్కరుచుకున్నాడు. ఆమె ఫోను కింద పెట్టింది.

"మల్ల అను."

"నగుతున్న, అంతే."

"కాదు. నిజమే అన్నవ్. రెండేండ్లు రాసిన. ఒక్క మనిషన్న చదివిండో లేదో నాకు తెల్వది. ఇయ్యాల తేల్చుకుంట." ఆమె లేచి నిలబడింది. ఆ నిలబడటంలో పాత కిటికీ ముందటి రాజకుమారి కనిపించింది. "వచ్చే ఆదివారం సెంటినరీ కాలనీ కమ్యూనిటీ హాల్ల మన బాయోళ్లందరిని కలుద్దాం రమ్మని పోస్టు పెడత. వచ్చేటోళ్లు కింద రాయాలె. ఒక్కరు రాసినా సరే, సచ్చేదాంక రాస్త. ఎవ్వరు రాయకపోతే బ్లాగుకు తాళం."

"ఒక్కరంటే జెస్సికా వస్తది గదా, కొత్త బూట్లేసుకొని" అన్నాడు యేసుదానం, పరిస్థితి తేలిక చేద్దామని. తేలిక కాలేదు.

పోస్టు పెట్టే ముందు రాజకుమారి క్రిస్టినాకు ఫోను చేసి, ఈ దండును ఆపే దారేదని అడిగింది.

"ఫిల్టర్ పెడత" అంది క్రిస్టినా. "మెషిన్లను పట్టుడు అల్కనే అమ్మా. ఒకటే జాగ నుంచి వెంటవెంట వస్తయి. అన్నీ ఒకటే మాట అంటయి. పేరు కాడ పేరుండదు, ఏవో అంకెలుంటయి. అసొంటివి నీదాక రానియ్యకుండ పక్కకు తోసేస్తది. ఇగ నీకు ఫికర్ లేదు."

ఫిల్టర్ పడింది. పోస్టు పడింది. వరద ఒక్కసారిగా ఆగిపోయింది.

ఎంతగా ఆగిందంటే, ఇక ఏదీ రాలేదు.

బుధవారం లేదు. గురువారం లేదు. రాజకుమారి ఫోను పక్కన పెట్టుకుని బియ్యం ఏరింది. ఫోను చేతిలో పట్టుకుని మొక్కలకు నీళ్లు పెట్టింది. టింగుమన్నప్పుడల్లా చేతిలో పని ఆపేసేది. తీరా చూస్తే కరెంటు బిల్లు మెసేజీ.

యేసుదానానికి ఇంట్లో తిరగాలంటే కాళ్లాడలేదు. ఒకసారి బాత్రూములోకి పోయి గడియ పెట్టుకుని తన ఫోనులోంచి కామెంటు రాయబోయాడు. 'నేను వస్తున్నాను. ఒక అభిమాని.' మళ్లీ తుడిచేశాడు. ఆమె పట్టేస్తుంది. ముప్ఫయ్యేళ్లు మస్టర్ దగ్గర కూర్చున్న మనిషి ముందు దొంగ హాజరు వెయ్యడం ఎవడి తరం?

శుక్రవారం వంట రఘుపతి ఫోను చేశాడు. ఆదివారం దావతుకు మటన్ తనే వండాలి. "మేడం, ఎంతమంది అయితరు? కోతకు చెప్పాలె."

రాజకుమారి కిటికీలోంచి బయటికి చూసింది. "వద్దు రఘుపతీ. ఎవ్వరు వస్తలేరు" అని ఫోను పెట్టేసింది. పెట్టేశాక ముక్కు తుడుచుకుంది.

ఆ సాయంత్రం కూర్చుని చివరి పోస్టు రాసింది. చాలా చిన్నది. 'పాత బాయి ముచ్చట్లు ఇంతటితో ఆపుతున్నాను. చదివినవాళ్లుంటే నమస్కారం.' పంపే మీటను నొక్కలేదు. రేపు చేపలు కొనుక్కొచ్చి, వండి, తిని, అప్పుడు నొక్కుదాం అనుకుంది. కడుపు నిండాకైతే బాధ తక్కువుంటుందని.

శనివారం పొద్దున మార్కెట్లో చేపల సంచీతో వస్తుంటే మంగలి దుకాణం ముందు ఆమె కాళ్లు ఆగిపోయాయి.

బెంచీ మీద ఒక మనిషి కూర్చున్నాడు. మెడచుట్టూ తెల్ల గుడ్డ. నెత్తి మీదా మీసాల మీదా నల్లటి రంగు పట్టించి ఉంది. అది ఆరేదాకా కదలకూడదన్నట్టు కొయ్యలా బిగుసుకుని ఉన్నాడు.

"మొగిలీ?"

అతను మెడ తిప్పకుండా కళ్లు మాత్రం తిప్పాడు. ఒకప్పుడు బాయిలో కప్పు కూలకుండా మొద్దులు నిలబెట్టే పని అతనిది. కొడుక్కి ఉద్యోగం వచ్చాక సెంటినరీ కాలనీలో వాడి క్వార్టర్లోనే ఉంటున్నాడు.

"నమస్తే మేడమక్కా! రేపటి కోసమే గీ అలంకారం. ఏండ్లకేండ్లకు కలుస్తున్నం. ముసలోని లెక్క ఎట్ల వస్తం?"

"రేపు ఏమున్నది?"

మొగిలి మీసం రంగు చెదిరేంతగా నోరు తెరిచాడు. "ఏమున్నదేంది? నువ్వే గదక్కా పిలిచింది! మస్టర్ కూడ వేసినం. పడలేదా?"

రాజకుమారి చేపల సంచీ బెంచీ మీద పెట్టేసి పక్కనే కూలబడింది. "ఏం మస్టర్? ఏడ వేసినవ్? మొదట్నుంచి చెప్పు."

"చెప్తగని, గా చాపలు జర దూరం జరుపక్కా." మొగిలి మొదలుపెట్టాడు. "మా కాలనీ గేటు కాడ చాయ్ హోటల్ ఉన్నది గదా. ప్రతి శుక్కురారం పొద్దుగాల మనోళ్లంత ఆడ జమైతరు. రామగిరి నుంచి వస్తరు, శ్రీరాంపూర్ నుంచి సుత వస్తరు. నా ఫోన్ల నీ ముచ్చట తీసి నేను గట్టిగ చదువుత. అందరింటరు. రెండేండ్ల సంది గదే నడుస్తున్నది."

రాజకుమారికి అప్పుడు లెక్క కుదిరింది. ఆ మూడో మనిషి. ఒక్క ఫోను. దాని చుట్టూ ఒక హోటలు నిండా జనం.

"మరి ఒక్కనాడన్న ఒక్క మాట రాయలేదేందిరా?"

"ఏం రాస్తం? నువ్వే అంటివి గదా, ముచ్చట బయట అని. చదువుడైనంక బయట బెంచీ మీద కూసొని చెప్పుకుంటం. కొట్లాడుకుంటం సుత. సిరిపురం యాదగిరి బర్రె గురించి నువ్వు రాసింది తప్పు, అది ఈనింది దున్నదూడను కాదు పెయ్యదూడను అని మొన్నొకడు లొల్లి."

"మరి మస్టరో?"

"వచ్చేటోళ్లు కింద రాయాలె అంటివి. మా హోటల్ల ఫోన్ల రాసుడు వచ్చినోన్ని నేనొక్కన్నే. మొన్న పోస్టు పడంగనే అందరికి కబురు పెట్టి పిలిచిన. లైను కట్టిపిచ్చిన. ఒక్కొక్కడు వచ్చి నంబరు చెప్పుడు, నేను కొట్టుడు, 'హాజరు' అని పెట్టుడు, తర్వాతోడు. పేర్లు గిట్ల ఒక్కటి రాయలే అక్కా. ముచ్చట ఒక్కటి కలపలే. నువ్వెట్ల నేర్పినవో అట్లనే!" మొగిలి గర్వంగా ఛాతీ పొంగించాడు. తెల్లగుడ్డ కింద.

ఒకే ఫోను. వెంటవెంటనే. అందరిదీ ఒకటే మాట. పేర్ల చోట అంకెలు.

రాజకుమారి నుదురు కొట్టుకుంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. లోపలున్న మంగలి కత్తెర ఆపి తొంగిచూశాడు. ఆమె నవ్వుతూనే క్రిస్టినాకు ఫోను కలిపింది.

"గా పక్కకు తోసేసినయి ఏడుంటయి? జల్ది చెప్పు!"

క్రిస్టినా ఎక్కడ నొక్కాలో చెప్పింది. స్పామ్ అని రాసి ఉన్న పెట్టె తెరుచుకుంది. పైన పొట్ట తగ్గించే పొడి. దాని కింద లోను. ఆ కింద బూట్లు. వాటి మధ్య నుంచి, రాళ్లలోంచి బొగ్గు మెరిసినట్టు:

'1147. హాజరు.'

'892. హాజరు.'

'2063. హాజరు.'

రాజకుమారి వేలు నెమ్మదిగా కిందికి జరిగింది. పేర్లు ఆమెకు అక్కర్లేదు. ఇది నైట్ షిఫ్టులో పాటలు పాడే వేణుమాధవ్. ఇది టోనీ, పెళ్లయిన తెల్లారే డ్యూటీకి వచ్చి అందరి నోళ్లలో పడ్డవాడు. ఇది ఎల్లేశం, జీతం దగ్గర ఎప్పుడూ నంబరు తప్పు చెప్పనివాడు, షిఫ్టుకు మాత్రం ఎప్పుడూ ఆలస్యం. ముఖాలు ఒకదాని వెనక ఒకటి కిటికీ ముందుకు వచ్చి పోతున్నాయి.

ఒకచోట వేలు ఆగింది. '318. హాజరు.'

"మొగిలీ, ఇది రాజం నంబరు గదరా?"

మొగిలి గొంతు కొంచెం తగ్గింది. "అవునక్కా. సారవ్వ వచ్చింది. నేను వస్త, నాకు నంబరు లేదు, ఆయనది రాయిరి అన్నది. రాసిన. తప్పా?"

"తప్పు గాదు" అంది రాజకుమారి. తర్వాత కొంగుతో కళ్లు ఒత్తుకుని, ఒక్కొక్క నంబరు మీదా 'ఇది స్పామ్ కాదు' అని నొక్కుకుంటూ పోయింది.

ఇంటికి రాగానే చివరి పోస్టు చెరిపేసింది. రఘుపతికి ఫోను చేసింది.

"అయ్యో మేడం! మీరు వద్దంటిరని రామగిరిల పుట్టెంట్రుకల దావతుకు ఒప్పుకున్న. వంట గంజులు సుత బండెక్కించిన."

యేసుదానం తల పట్టుకున్నాడు. "ఇంతమందికి తిండెట్లనే ఇప్పుడు?"

"బాయిల ఎట్ల తిన్నరో అట్లనే" అంది రాజకుమారి. బ్లాగులో రెండు ముక్కలు పెట్టింది. 'అందరి హాజరు పడింది. రేపు ఎవరి కారేజీ వాళ్లు తెచ్చుకోవాలి.'

క్రిస్టినా చెప్పగా ఇంకో పని కూడా చేసింది. ఇకమీదట కామెంటు రాయాలంటే ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. ప్రశ్న ఆమే ఆలోచించి పెట్టింది: 'బాయి దిగేముందు మీ చేతికి లైటు ఇచ్చినదెవరు?' ఆ బాయి దిగిన ఏ మనిషికైనా ఆ పేరు నిద్రలో కూడా వస్తుంది. లోకంలో ఉన్న జెస్సికాలంతా కలిసి వచ్చినా చెప్పలేరు.

ఆదివారం మధ్యాహ్నం సెంటినరీ కాలనీ కమ్యూనిటీ హాలు. పక్కనే కుర్చీలు పెట్టుకునే సామాను గది. దానికో చిన్న కిటికీ. రాజకుమారి సంచీ పెట్టి వద్దామని లోపలికి వెళ్లి వెనక్కి తిరిగేసరికి కిటికీ ముందు మొగిలి ఉన్నాడు, కాకి నలుపు మీసంతో. అతని వెనక ఒకరు. వాళ్ల వెనక ఇంకొకరు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ పిలవలేదు. చేతుల్లో కారేజీలతో లైను హాలు మెట్ల మీదుగా గేటుదాకా సాగింది.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పద్నాల్గువందల ఆరు."

"హాజరు. జరుగు."

"మేడం, నా మనవడు..."

"ముచ్చట బయట!"

లైనంతా గొల్లున నవ్వింది. ఆ ఒక్క కేక కోసమే వచ్చినట్టున్నారు అందరూ.

మధ్యలో సారవ్వ వచ్చింది. "మూడొందల పద్దెనిమిది" అని మెల్లగా చెప్పి, కిటికీ ఊచ పట్టుకుంది. "రాజక్కా, ఒక ముచ్చట ఉన్నది. గా లైట్ల పోస్టు మల్లొకసారి చదివిపిచ్చుకున్న. ఆయన చలికాలం లైటు ఇచ్చేముందు చేతులతోని రుద్ది వెచ్చగ చేసి ఇచ్చేటోడు. గది రాయలే నువ్వు. బయట చెప్పాల్నా?"

"ఈడ్నే చెప్పు అవ్వా" అంది రాజకుమారి. "ఎంతసేపైనా చెప్పు."

లైనులో ఎవరూ గొణగలేదు. కారేజీలు కిందపెట్టి వాళ్లూ విన్నారు.

అందరి హాజరూ పడింది. లోపల మూతలు తెరిచిన చప్పుడు, పచ్చిపులుసు వాసన, యాదగిరి బర్రె ఈనింది దున్నదూడనా పెయ్యదూడనా అన్న గొడవ మొదలైపోయాయి. రాజకుమారి లేవబోతుంటే కిటికీ ముందు ఇంకో మనిషి వచ్చి నిలబడ్డాడు. నున్నగా గీసుకున్న గడ్డం. చంకలో అట్టపెట్టె. పెట్టెలో ఆమె కాలికి సరిపోయే కొత్త బూట్లు, పొద్దున నడకకు పనికొచ్చేవి.

"ఎవలు?" అంది, నవ్వు దాచుకుంటూ.

"జెస్సికా తమ్ముణ్ని మేడం" అన్నాడు యేసుదానం వినయంగా. "అక్కకు వీలు గాలేదు. నన్ను తోలింది. ఏ బాయిల చేస్తనని అడిగిండ్రట గదా?"

"పేరొద్దు" అంది రాజకుమారి. "నంబరు చెప్పు."